జంట మాటల సాక్ష్యం

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కమిటీ సమావేశంలో కార్యదర్శి గారు నా వైపు చూసి, "భాషా దినోత్సవానికి ఈసారి మీరు మాట్లాడాలి. డి.ఏ. బకాయిల సంగతి మాత్రం తేవద్దు, అది ఎటూ ప్రతి సమావేశంలోనూ ఉన్నదే" అన్నారు. నేను భాషా పండితుణ్ణి కాను. 1974లో తాలూకా ఆఫీసులో లోయర్ డివిజన్ గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చినప్పుడు మండలాఫీసుకు మారి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. భాషతో నాకున్న చుట్టరికమంతా అర్జీలతోనూ, వాంగ్మూలాలతోనూ, పంచనామాలతోనూ. కాబట్టి ఆ వైపు నుంచే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

ఈ రోజు ఒక జపాను మాట గురించి చెప్పదలచుకున్నాను. తెలుగు పండుగ నాడు జపాను మాట ఏమిటని అనుకోకండి. అది మనల్ని తిరిగి మన కావలికీ, మన చెరువు కట్టల మీదికీ, మన వంటింట్లోకీ తీసుకువస్తుంది. మా మనుమరాలు చెన్నైలో ఉద్యోగం చేస్తూ సాయంకాలాలు జపాను భాష నేర్చుకుంటోంది. సెలవులకు వచ్చినప్పుడు, "తాతయ్యా, వాళ్ళ భాషలో కూడా మన గలగల, తళతళ లాంటి మాటలు వేలకొద్దీ ఉన్నాయి. వాటికి వేరే నిఘంటువులే ఉన్నాయి" అని ఒక్కొక్కటే చెప్పసాగింది. అందులో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ మాట "పికాడోన్".

"పికా" అంటే కళ్ళు చెదిరేటట్టు ఒక్కసారి మెరవడం. మన "తళుక్కు" అనుకోండి. "డోన్" అంటే దద్దరిల్లే చప్పుడు. మన "ఢాం". మన ఇళ్ళలో పిల్లలు టీవీలో చూసే పచ్చని బొమ్మ పికాచు ఉందే, దాని పేరులో ఉన్నది కూడా ఈ "పికా"నే. "చు" అనేది ఎలుక కూత. పిల్లల బొమ్మకు పెట్టిన ఆ మాటనే జపాను వాళ్ళు అంతకు ఎంతో ముందు ఇంకొక దానికి పెట్టుకున్నారు.

1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు హిరోషిమా నగరం మీద సుమారు 600 మీటర్ల ఎత్తున అణుబాంబు పేలింది. ఆ ఏడాది చివరికి ఆ ఒక్క ఊళ్ళో చనిపోయినవారు సుమారు 1,40,000 మంది అని అంచనా. ఆ ఉదయం ఆ ఊళ్ళో ఉన్నవారికి అణుబాంబు అనే పేరే తెలియదు. ప్రపంచంలో అంతకు ముందు ఏ ఊరి మీదా అటువంటిది పడలేదు. పేరు లేని దానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు, జనం తమ కళ్ళు చూసినదీ తమ చెవులు విన్నదీ కలిపి చెప్పుకున్నారు. ముందు పికా, తరువాత డోన్. పికాడోన్. తెలుగులో చెప్పాలంటే "తళుక్కు-ఢాం".

మరి ప్రభుత్వ ప్రకటన ఏమని వచ్చిందో చెబుతాను, మనకందరికీ బాగా పరిచయమైన శైలి గనుక. హిరోషిమాలో శత్రు విమానాల దాడివల్ల గణనీయమైన నష్టం కలిగింది, శత్రువు కొత్త రకం బాంబు వాడినట్లున్నది, వివరాలు విచారణలో ఉన్నాయి. సారాంశం అంతే. ఒక నగరం నేలమట్టమైతే రాత రాసేవాడి చేతికి దొరికిన మాట "గణనీయమైన నష్టం". ఏ దేశమైనా, ఏ ఆఫీసైనా మన గుమాస్తా భాష ఒకటే సుమండీ!

పికాడోన్ అన్న మాటలో ఇంకొక సంగతి ఉంది. బాంబు పడిన చోటుకు బాగా దగ్గరగా ఉండి బతికినవారిలో చాలామంది దాన్ని "పికా" అని మాత్రమే అంటారట. వాళ్ళకు వెలుగు తెలిసింది గానీ చప్పుడు విన్న జ్ఞాపకం లేదు. దూరాన ఉన్నవారికి ముందు వెలుగు కనిపించి, కొన్ని క్షణాలకు చప్పుడు వినిపించింది. వాళ్ళది "పికాడోన్". మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరాన పడిందో చెప్పే పెద్దలు మన పల్లెల్లో ఉండేవారు గదా. కిలోమీటరు దూరం రావడానికి చప్పుడుకు సుమారు మూడు సెకన్లు పడుతుంది. ఇదీ అదే లెక్క. ఒక మనిషి "పికా" అన్నాడా, "పికాడోన్" అన్నాడా అనే దాన్నిబట్టి ఆ ఉదయం అతను ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలుస్తుంది. "కొత్త రకం బాంబు" అన్న మాటను ఎంత పిండినా ఆ సమాచారం రాదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంతే. ఇటువంటి మాటలు పసిపిల్లల భాష కాదు, అలంకారం కోసం వేసుకున్న నగలూ కావు. ఇవి సాక్ష్యం. మనిషి ఒళ్ళు తెలుసుకున్నదాన్ని తెలుసుకున్నట్టే చెప్పే వాంగ్మూలం. వాటిని తీసేసి పెద్ద మాటలు పెడితే భాష గౌరవంగా కనిపించవచ్చు గానీ, సాక్ష్యం మాత్రం పోతుంది.

జపాను వాళ్ళు ఈ మాటలను రకాలుగా విడదీశారు. చెవికి వినిపించేదాన్ని అనుకరించే మాటలు ఒక రకం. చప్పుడే లేని తీరును, స్థితిని చెప్పే మాటలు ఇంకొక రకం. "జాజా" అంటే కుండపోతగా కురిసే వాన. "షితోషితో" అంటే సన్నగా, చప్పుడు లేకుండా తెరపి ఇవ్వని వాన. "కిరకిర" అంటే నక్షత్రాల మెరుపు. నక్షత్రం చప్పుడు చేయదు, అయినా దానికి జంట మాట ఉంది.

మన దగ్గరా అంతే. గలగల, జలజల, టకటక, కిచకిచ ఇవన్నీ వినబడేవి. మరి కళకళ? పెళ్ళి ఇల్లు కళకళలాడుతుంది. ఆ కళకళ ఎవరి చెవిన పడింది? పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోయాక అదే ఇల్లు వెలవెలపోతుంది. ఆ వెలవెల ఎట్లా మోగుతుంది? నూనె రాసిన జడ నిగనిగ, వెన్నెట్లో ఇసుక మిలమిల, చీకట్లో ఒంటరిగా కూర్చున్నవాడి బిక్కుబిక్కు. వీటిలో ఒక్కదానికీ చప్పుడు లేదు. మన వ్యాకరణాలు వీటిని ధ్వన్యనుకరణాలన్నా, ఇవి అనుకరించేది ధ్వనిని మాత్రమే కాదు.

ఇంకొక పోలిక చూడండి. జపాను భాషలో "కిరకిర" అంటే హాయిగా ఉండే మెరుపు. దాని మొదటి అక్షరాన్ని బరువు చేసి "గిరగిర" అంటే కళ్ళు పొడిచే మెరుపు, మిట్టమధ్యాహ్నపు ఎండలాంటిది. (మన గిరగిర తిరగడంతో దీనికి సంబంధం లేదు.) క గ అయితే మాట బరువెక్కుతుంది. మనమూ అదే చేస్తాం. తోమిన ఇత్తడి చెంబు తళతళ, అమ్మవారి నగలు ధగధగ. మురుకులు కరకర, గంజి పెట్టిన పంచె గరగర. చినుకులు టపటప, తలుపు దబదబ. ఎవరూ మనకు బడిలో ఈ సూత్రం చెప్పలేదు. చదువురాని అవ్వ కూడా మురుకులు గరగరలాడుతున్నాయని పొరపాటున అయినా అనదు.

ఒక్కసారి జరిగినదానికీ మళ్ళీ మళ్ళీ జరిగేదానికీ కూడా తేడా ఉంది. "పికా" అంటే ఒక్క మెరుపు. "పికపిక" అంటే నిలకడగా మెరుస్తూ ఉండటం. మనకు తళుక్కు, తళతళ. టక్కున లేచాడంటే ఒకసారి, టకటకా నడిచాడంటే అడుగు తరువాత అడుగు. క్రియ చేసుకోవడంలోనూ పోలిక ఉంది. వాళ్ళు "కిరకిర" పక్కన "చేయు" అనే అర్థం ఉన్న మాట చేర్చుకుంటారు. మనం "లాడు", "మను", "పోవు" చేర్చుకుంటాం. రెపరెపలాడింది, గలగలమంది, వెలవెలపోయింది.

ఇన్ని పోలికలు చెప్పేసరికి ఈ రెండు భాషలూ అక్కచెల్లెళ్ళా అనే అనుమానం మీకు రావచ్చు. సుసుము ఓనో అనే జపాను పండితుడు తమిళానికీ జపాను భాషకూ చుట్టరికం ఉందని చాలాకాలం వాదించారు. భాషా శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. మన దేశం మటుకు చూస్తే, నీలగిరుల తోడా భాష మీద పనిచేసిన అమెరికా పండితుడు ఎమెనో 1969లో ఈ జంట మాటల మీదే ఒక పెద్ద వ్యాసం రాశారు. ద్రావిడ భాషలు, ఉత్తరాది భాషలు, ముండా భాషలు వేరు వేరు కుటుంబాలే అయినా, పక్కపక్కన బతికి ఈ జంట మాటల అలవాటును పంచుకున్నాయని ఆయన చూపించారు. ఇరుగు పొరుగు వాళ్ళు కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నట్లన్నమాట. ఇదివరకే 1852లో అచ్చయిన బ్రౌను దొర తెలుగు నిఘంటువులో కూడా ఇటువంటి మాటలు ఎన్నో ఎక్కాయి. దొరగారు తక్కువ మాటలని వాటిని వదిలిపెట్టలేదు.

ఇక మన వయసుకు తగిన సంగతికి వస్తాను. ఈ హాల్లో కూర్చున్నవారిలో ఏదో ఒక నొప్పి లేనివారు చేయి ఎత్తండి. చూశారా, ఒక్కరూ ఎత్తలేదు! జపానులో రోగి డాక్టరు దగ్గరికి వెళ్ళి నొప్పిని జంట మాటలతోనే చెబుతాడు. "జుకిజుకి" అంటే నాడి కొట్టుకున్నట్టు పోటు పెట్టే నొప్పి. "చికుచికు" అంటే సూదులు గుచ్చినట్టుండేది. "హిరిహిరి" అంటే చర్మం మండటం. "గన్‌గన్" అంటే సమ్మెటతో కొట్టినట్టుండే తలనొప్పి. అక్కడి డాక్టరుకు ఆ మాటతోనే సగం సంగతి తెలుస్తుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? గొంతులో గరగర, ఛాతీలో గురగుర, కడుపులో గుడగుడ. మూడు మాటలూ అచ్చం ఒకేలా ఉన్నట్టుంటాయి. ఒక్క గుణింతమో, ఒక్క అక్షరమో మారితే జబ్బు గొంతు నుంచి ఛాతీకీ, ఛాతీ నుంచి కడుపుకూ దిగింది. కళ్ళు చిమచిమ, కాలిన చోట చురచుర, కాళ్ళు జివజివ, గుండె దడదడ. మన ఊరి పాత డాక్టర్లకు ఇవి చెబితే చాలు. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో ఒకటి నుంచి పది వరకు నొప్పికి మార్కులు వేయమంటున్నారు. అదీ అవసరమే, కాదనను. కానీ ఎంత నొప్పి అనేది అంకె చెబుతుంది, ఎటువంటి నొప్పి అనేది జంట మాట చెబుతుంది. కనుక మిత్రులారా, డాక్టరు ముందు "పెయిన్‌గా ఉంది సార్" అని ఊరుకోకండి. మీ అమ్మగారు ఏ మాట అనేవారో ఆ మాటే అనండి.

వంటింటి సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను, లేకపోతే మా ఇంటావిడ ఒప్పుకోదు. నెల్లూరు చేపల పులుసు గురించి ప్రపంచమంతా మాట్లాడుతోంది, కొలతలతో సహా అచ్చులో వస్తోంది. ఆవిడ కోడలికి చెప్పిన కొలత ఒక్కటే. "ముక్కలు వేసినాక కుతకుత ఉడకాల. సలసల కాగనీయబాకు, ముక్క చెదిరిపోద్ది." కుతకుతకు ఎన్ని డిగ్రీలో ఆవిడకు తెలియదు. చెవి తెలుసు.

ఇక మన ఆఫీసుల సంగతి. రెవెన్యూలో పనిచేసినవారందరికీ తెలిసిందే. కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న మనిషి దగ్గర వాంగ్మూలం తీసుకోవలసి వస్తే, మెజిస్ట్రేటు అందుబాటులో లేనప్పుడు తహసీల్దారును పిలిచేవారు. అటువంటి వాంగ్మూలం సాధ్యమైనంతవరకు చెప్పిన మనిషి మాటల్లోనే ఉండాలని కోర్టులు మళ్ళీ మళ్ళీ చెబుతూ వచ్చాయి. ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. "కొంగు రాజుకుంది" అనడం వేరు, "భగ్గుమంది" అనడం వేరు. మెల్లగా రాజుకున్నదంటే పొయ్యి సెగ తగిలి ఉండవచ్చు. భగ్గుమన్నదంటే చీర మీద కిరసనాయిలు ఉందా అని అడగవలసి వస్తుంది. రాసేవాడు రెండింటినీ "బట్టలకు నిప్పంటుకొన్నది" అని శుభ్రం చేస్తే, ప్రాణం పోతున్న మనిషి చెప్పిన అసలు సంగతి ఆ శుభ్రంలో కొట్టుకుపోతుంది.

చెరువుల సంగతీ అంతే. మన జిల్లా చెరువుల జిల్లా. వానాకాలంలో రాత్రిపూట కట్ట మీది నుంచి మనిషి పరిగెత్తుకు వస్తే, వాడి నోటి నుంచి వచ్చే మొదటి మాట కోసం ఆఫీసంతా ఎదురు చూసేది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఓవర్సీయరు గారు ఈ తేడా నేర్పారు. "కట్ట చెమ్మగిలింది" అంటే తెల్లవారేదాకా చూడవచ్చు. "బొటబొట కారుతోంది" అంటే ఇద్దరు మనుషులను కాపలా పెట్టాలి. "కట్ట అడుగున బుడబుడ పొంగుతోంది, నీళ్ళు మట్టి రంగుగా ఉన్నాయి" అంటే ఇక ఆలస్యం పనికిరాదు. నీళ్ళు కట్ట లోపలి మట్టిని మోసుకొస్తున్నాయన్నమాట. వెంటనే ఇసుక బస్తాలు తీసుకుపోయి ఆ ఊట చుట్టూ గుండ్రంగా పేర్చాలి, దిగువ ఊళ్ళను లేపాలి. కబురు తెచ్చినవాడు ఇంజనీరింగు చదవలేదు. కానీ బొటబొటకూ బుడబుడకూ ఉన్న తేడా ఊరిని కాపాడేది. అదే కబురు కాగితం మీద "కట్టకు లీకేజి ఏర్పడినది" అయితే ఎంత ఆపదో ఎవరికి తెలుస్తుంది?

1989 నవంబరు తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. థాయిలాండు సింధుశాఖలో పుట్టి, అక్కడి నేల దాటి, అండమాను సముద్రమూ బంగాళాఖాతమూ ఈదుకొచ్చి మన కావలి దగ్గర తీరం దాటిన తుఫాను అది. తరువాతి రోజుల్లో నష్టాల లెక్కలకు నన్ను కావలికి తూర్పున ఉన్న ఒక పల్లెపాళేనికి పంపారు. పడిపోయిన వేపచెట్టు మొద్దు మీద కూర్చుని రాసుకుంటున్నాను. సముద్రం మీద ముసలితనం వచ్చిన ఒక పెద్దాయన తన ఇంటి సంగతి చెప్పాడు. ఆయన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"ముందు ఉత్తరం గాలి సారూ. ఊఁ అని ఊళ పెట్టింది. తాటిచెట్లు పటపట ఇరిగినాయి. ఇంటి కప్పు బరబరా ఈడ్చకపోయింది. అట్టా ఎంతసేపో. ఉన్నట్టుండి చడీచప్పుడు లేదు. దీపం ఎలిగిస్తే ఊగలా. కుర్రోళ్ళు పడవలు చూసొస్తామని లేచినారు. 'పోబాకండ్రా, అది ఊపిరి తీసుకుంటా ఉండాది' అన్నా. ఇంక దక్షిణం నుంచి హోమని వచ్చింది సూడు, ఆ ముందుదానికి తాత."

వాతావరణ శాస్త్రం చదివినవారు దీన్ని వింటే లేచి నిలబడతారు. తుఫాను గాలి మన వైపు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుఫాను కన్ను ఒక ఊరి మీదుగా పోతే, ముందు ఉత్తరపు గాలి, తరువాత కాసేపు నిశ్శబ్దం, ఆపైన దక్షిణపు గాలి. పెద్దాయన చెప్పినది అక్షరం తప్పకుండా అదే. తుఫాను కన్ను ఆ పాళెం మీదుగానే పోయిందనడానికి ఆయన ఊఁ, చడీచప్పుడు లేకపోవడం, హో, ఈ మూడే సాక్ష్యం. ఆ నడిమి నిశ్శబ్దాన్ని చూసి తుఫాను అయిపోయిందనుకొని బయటికి వెళ్ళినవారికి రెండో గాలి ప్రాణాంతకం. ఆ ఇంటి కుర్రాళ్ళను నిలబెట్టింది ఆయన చెవి.

నా చేతిలోని ఫారంలో ఉన్న కాలాలు ఇవి. ఇల్లు పూర్తిగా కూలినదా, పాక్షికంగానా. పడవ, వలలు. పశువులు. ఆ ఫారం చెడ్డదని అనను. పరిహారం ఇవ్వడానికి అది కావలసిందే. కానీ ఆ మూడు మాటలకు అందులో కాలమ్ లేదు. ఎక్కడా లేదు. అవి ఆయన మనవళ్ళకు చేరితే చేరాలి, లేకపోతే లేదు.

ఇక్కడే గిడుగు రామమూర్తి పంతులు గారిని తలచుకోవాలి. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆ మహానుభావుడి పుట్టినరోజు పేరిటే మనం ఇక్కడ కూర్చున్నాం. పంతులుగారు గ్రాంథికం మీద చేసిన పోరాటం మనందరికీ తెలుసు. ఆయన సవరల మధ్య తిరిగి, వాళ్ళ నోటి మాట విని, వాళ్ళ భాషకు నిఘంటువూ వ్యాకరణమూ తయారు చేశారన్నది కొందరికే గుర్తుంటుంది. బతికిన భాష నోట్లో ఉంటుంది, ముందు దాన్ని వినండి అన్నదే ఆయన పాఠం. 1966లో మన రాష్ట్రంలో అధికార భాషా చట్టం వచ్చింది. ఆఫీసుల్లో తెలుగు వచ్చింది, సంతోషం. కానీ వచ్చిన తెలుగు ఎక్కువగా ఇంగ్లీషు ఫైలుకు తొడుగు వేసిన తెలుగు. అందులోకి గలగలలకూ బుడబుడలకూ ప్రవేశం దొరకలేదు.

ఇప్పుడు పిల్లల సంగతి మరీ విచిత్రం. మన మనవళ్ళకు ఫోనులో "లోల్" అని రాయడం తెలుసు, కిలకిల తెలియదు. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు మనమే ఈ మాటలను మోటు మాటలని దాచేస్తున్నాం. "వాన హెవీగా ఉంది" అంటాం. చిటపట మొదలై, టపటపగా మారి, జోరున కురిసి, చూరు నుంచి బొటబొట కారిన వాన అంతా ఒక్క "హెవీ"లో సరిపెడుతున్నాం. జపాను వాళ్ళు ఎంత పరిశ్రమలు పెట్టినా, ఎన్ని రైళ్ళు పరిగెత్తించినా ఈ మాటలను చిన్నచూపు చూడలేదు. బొమ్మల పుస్తకంలో రాస్తారు, ఆసుపత్రిలో చెబుతారు, నిఘంటువుకెక్కిస్తారు. హిరోషిమా, నాగసాకి బాధితుల సంఘానికి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. దశాబ్దాలుగా వాళ్ళు చేసిన పని ముఖ్యంగా తాము చూసింది, తమకు జరిగింది తమ నోటితో చెప్పడం. "గణనీయమైన నష్టం" అన్న ప్రకటన ఇప్పుడు చరిత్ర చదివేవాళ్ళకే గుర్తు. పికాడోన్ అన్న మాట ఇంకా బతికే ఉంది.

చివరగా ఒక ప్రతిపాదన. 1962లో సాహిత్య అకాడమీ వారు భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం వేశారు. ఊరూరా రైతులను అడిగి మాటలు సేకరించి చేసిన పని అది. మనం అంత పెద్ద పని చేయలేం. కానీ మన సంఘంలో రెవెన్యూ వాళ్ళున్నారు, ఇరిగేషన్ వాళ్ళున్నారు, ఆరోగ్య శాఖ నర్సమ్మలున్నారు, టీచర్లున్నారు, మత్స్యశాఖ వాళ్ళున్నారు. ముప్పై నలభై ఏళ్ళు జనం మాటలు విన్న చెవులివి. ఇంతకంటే మంచి సేకరణ బృందం ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి ఒక రిజిస్టరు తెరుద్దాం. గుమాస్తాను గనుక కాలాలు నేనే గీసి తెచ్చాను. క్రమసంఖ్య, మాట, ఎవరి నోట విన్నారు, ఏ ఊరు, ఏ సందర్భం. అర్థం అనే కాలమ్ పెట్టలేదు, కావాలనే. సందర్భం సరిగా రాస్తే అర్థం దానంతట అదే తెలుస్తుంది. ఒక్కొక్కరు పది మాటలు రాయండి. పుస్తకాల్లోంచి ఎత్తి రాయవద్దు. మీ అమ్మ, మీ మేనత్త, మీ ఆఫీసు బిళ్ళ బంట్రోతు, పొలం గట్టు మీద కనబడిన రైతు ఏమన్నారో అదే రాయండి. మనిషి "గుబేలుమంది" అంటే గుబేలు అనే రాయండి, "భయాందోళనకు గురయ్యెను" అని దిద్దవద్దు. సంపాదకుల వారు దయతలచి మన పత్రికలో నెలకు అర పేజీ ఇస్తామన్నారు. వారికి ముందుగానే కృతజ్ఞతలు.

 టీ వచ్చినట్టుంది, గ్లాసుల గలగల వినబడుతోంది. సెలవు తీసుకుంటాను. నమస్కారం.